పరుగు పందెములో కృత్రిమ కాలు: న్యాయమైన పోటీని గూర్చి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

రెండు కాళ్లు లేని యువకుడు కాళ్లున్నవారి ప్రక్కన నిలబడి పరుగెత్తినప్పుడు లోకము చప్పట్లు కొట్టింది. అతడు వారిని దాటిపోవచ్చునేమో అన్న అనుమానము కలుగగానే అదే లోకము కొలబద్ద చేతపట్టుకొని వచ్చింది. గత ఇరువది సంవత్సరములుగా క్రీడారంగములో నడుచుచున్న ఈ వివాదము కేవలము క్రీడాభిమానులకు సంబంధించినది కాదు. న్యాయము అనగా అందరినీ ఒకే విధముగా చూచుటయా, లేక ఎవరి స్థితినిబట్టి వారిని చూచుటయా? మనిషి శరీరమునకు ప్రమాణమైన శరీరము ఏది? సహాయమునకు, అదనపు బలమునకు మధ్య గీత ఎక్కడ గీయాలి? ఇవి సంఘకాపరులు, వేదాంత విద్యార్థులు కూడ ఆలోచించవలసిన ప్రశ్నలే.

ఈ వ్యాసములో మొదట కృత్రిమ అవయవములనుగూర్చి క్రీడారంగములో జరిగిన ముఖ్యమైన వ్యాజ్యములను వివరించి, శాస్త్రజ్ఞుల అభిప్రాయభేదమునకు కారణమేమిటో చూపి, పిమ్మట లేఖన వెలుగులో కొన్ని సూత్రములను పరిశీలింప ప్రయత్నించుచున్నాము.

1. చెక్క కాలి నుండి కార్బన్ బ్లేడు వరకు

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో జార్జ్ ఐసర్ అనే జిమ్నాస్ట్ పాల్గొన్నాడు. అతని ఎడమ కాలు చెక్కది. అయినను అతడు మూడు బంగారు పతకములతో సహా ఆరు పతకములు గెలిచాడు. చెక్క కాలు అతనికి భారమే గాని లాభము కాదని చూచినవారందరికీ తెలియును.

పరిస్థితిని మార్చినది కార్బన్ ఫైబర్. 1976లో వాటర్ స్కీయింగ్ ప్రమాదములో కాలు పోగొట్టుకొన్న వాన్ ఫిలిప్స్ అనే అమెరికా యువకుడు, తనకిచ్చిన కృత్రిమ కాలితో తృప్తిపడక, వంగి తిరిగి లేచే గుణముగల పాదమును రూపొందించాడు. దానినుండి వచ్చినదే పరుగు పందెములలో వాడే చీతా బ్లేడు. ఐస్‌లాండ్ దేశపు ఆస్సుర్ సంస్థ 2000లో ఫిలిప్స్ కంపెనీని కొని ఈ బ్లేడులను తయారు చేయుచున్నది. ఇది నేలను తాకినప్పుడు వంగి శక్తిని దాచుకొని, లేచునప్పుడు ఆ శక్తిలో అధిక భాగమును తిరిగి ఇచ్చును. ఇందులో మోటారు లేదు, బ్యాటరీ లేదు. శరీరము ఇచ్చిన దానిని మాత్రమే అది తిరిగి ఇవ్వగలదు.

మన దేశములో ఇదే కాలమునకు కొంచెము ముందు, 1968లో, రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి జైపూర్ ఫుట్‌ను రూపొందించారు. ఆ కాలితోనే సుధా చంద్రన్ తిరిగి నాట్యము చేసింది. ఆమె జీవితము ఆధారముగా, ఆమెయే నాయికగా వచ్చిన మయూరి చిత్రము తెలుగువారికి సుపరిచితము. ఆమె వేదికపై ఆడినప్పుడు ఈ కాలు ఆమెకు అన్యాయమైన లాభము ఇచ్చుచున్నదా అని ఎవరూ అడుగలేదు. ఎందుకనగా అక్కడ ఓడిపోయేవారు ఎవరూ లేరు. గెలుపు ఒకరిదై ఓటమి మరొకరిదైన చోటనే ఈ ప్రశ్న పుట్టుచున్నది. ఈ తేడాను మనము గుర్తుంచుకోవాలి.

2. ఆస్కర్ పిస్టోరియస్ వ్యాజ్యము

దక్షిణాఫ్రికాకు చెందిన ఆస్కర్ పిస్టోరియస్ 1986లో, మోకాలి క్రింది రెండు ఎముకలలో ఒకటైన ఫిబ్యులా లేకుండ జన్మించాడు. పదకొండు నెలల ప్రాయములో అతని రెండు కాళ్లను మోకాళ్ల క్రింద తీసివేశారు. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో బంగారు పతకము గెలిచి, పిమ్మట కాళ్లున్నవారితో పోటీపడాలని కోరాడు.

2007లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య తన నియమములను సవరించి, స్ప్రింగులు, చక్రములు మొదలగువాటితో కూడి, వాడనివారిపై లాభమునిచ్చు ఏ సాధనమైనను నిషేధమని చెప్పింది. ఆ సంవత్సరాంతమున జర్మనీలోని కొలోన్ నగరపు క్రీడా విశ్వవిద్యాలయములో ఆచార్య పీటర్ బ్రూగ్గెమన్ ఆధ్వర్యములో పిస్టోరియస్‌కు పరీక్షలు జరిగాయి. ఒకే వేగముతో పరుగెత్తుటకు అతడు ఇతరులకంటె సుమారు 25 శాతము తక్కువ శక్తిని ఖర్చు చేయుచున్నాడనియు, బ్లేడులో నష్టమగు శక్తి మనిషి చీలమండలో నష్టమగు శక్తికంటె చాల తక్కువ అనియు ఆ నివేదిక తెలిపింది. 2008 జనవరిలో సమాఖ్య అతనిని నిషేధించింది.

పిస్టోరియస్ స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమునకు అప్పీలు చేశాడు. 2008 మే 16న ఆ న్యాయస్థానము నిషేధమును కొట్టివేసింది. దాని తర్కము గమనింపదగినది. బ్లేడులు లాభము ఇవ్వవని న్యాయమూర్తులు తీర్పు చెప్పలేదు. లాభము ఉన్నదని నిరూపించు బాధ్యత సమాఖ్యదనియు, అది నిరూపించలేదనియు మాత్రమే చెప్పారు. కొలోన్ పరీక్ష అతడు తిన్నగా, పూర్తి వేగముతో పరుగెత్తు భాగమునే కొలిచింది. పందెము ఆరంభమున అతడు నెమ్మదిగా లేచుటను లెక్కలోనికి తీసికొనలేదు. పందెము మొత్తమును చూచి లాభనష్టములను బేరీజు వేయవలెనన్నది న్యాయస్థానపు భావము. అంతేగాక ఈ తీర్పు ఆ వ్యక్తికి, ఆ బ్లేడుకు మాత్రమే వర్తించునని స్పష్టము చేసింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో పిస్టోరియస్ 400 మీటర్ల పరుగులో 45.44 సెకన్లతో సెమీఫైనల్ చేరాడు. అక్కడ 46.54 సెకన్లతో చివరివాడుగా ముగించాడు. ఆ పందెము గెలిచిన గ్రెనడా దేశస్థుడు కిరానీ జేమ్స్ అతనియొద్దకు వచ్చి తమ పేర్ల చీటీలను మార్చుకొన్నాడు.

ఈ చరిత్రకు విషాదకరమైన మరొక అధ్యాయము కలదు. 2013 ఫిబ్రవరి 14న పిస్టోరియస్ తన స్నేహితురాలైన రీవా స్టీన్‌క్యాంప్‌ను కాల్చి చంపాడు. 2015లో పై న్యాయస్థానము అతనిని హత్యానేరస్థునిగా నిర్ధారించింది. 2024 జనవరిలో అతడు పెరోల్‌పై విడుదలయ్యాడు. అతని నేరమునుబట్టి 2008 తీర్పు తప్పు కాదు, అతని పరుగునుబట్టి అతని నేరము తేలిక కాదు. అయితే వికలాంగులను ప్రసంగ దృష్టాంతములుగా, మచ్చలేని వీరులుగా నిలబెట్టే అలవాటు మనకున్నయెడల, ఇక్కడ మనకొక హెచ్చరిక కలదు. వారు మనవంటి మనుష్యులే. పాపము చేయగలవారే, కృప అవసరమైనవారే.

3. శాస్త్రజ్ఞులు ఎందుకు ఏకీభవించలేదు?

అప్పీలు నిమిత్తము పిస్టోరియస్‌ను పరీక్షించిన బృందములో హ్యూ హెర్, రోజర్ క్రామ్, పీటర్ వెయాండ్ మొదలగువారు ఉన్నారు. వీరిలో హెర్ 1982లో మంచు తుఫానులో చిక్కుకొని తన రెండు కాళ్లను పోగొట్టుకొన్న శాస్త్రజ్ఞుడు. కలిసి పరీక్షించిన ఈ బృందమే 2009లో రెండుగా చీలిపోయింది. వెయాండ్, మాథ్యూ బండిల్ అనువారు బ్లేడులు తేలికైనవి గనుక కాలిని గాలిలో త్వరగా ముందుకు త్రిప్పవచ్చుననియు, దానివలన 400 మీటర్లలో 10 సెకన్లకు పైగా లాభము కలదనియు వాదించారు. హెర్, క్రామ్ తదితరులు దీనిని ఖండించి, బ్లేడుతో నేలను బలముగా నెట్టుట కష్టమనియు, ఒక్క వ్యక్తిని కొలిచి లాభమును నిర్ధారించలేమనియు అన్నారు.

ఒకే కొలతలను చూచినవారు ఇంత దూరముగా ఎట్లు విడిపోయారు? మా అవగాహనలో కారణమిది. లాభము అనునది ఎప్పుడును పోలికయే. దేనితో పోల్చాలి? ఇతర పరుగుకాండ్రతోనా? కాళ్లు ఉండియున్నయెడల అదే వ్యక్తి ఎట్లు పరుగెత్తియుండెడివాడో దానితోనా? రెండవ పోలికయే న్యాయమైనదిగా కనబడును. కాని పిస్టోరియస్‌కు కాళ్లున్న జీవితము ఎన్నడును లేదు. లేని మనిషిని కొలువవలసి వచ్చినప్పుడు శాస్త్రము అంచనాలను ఆశ్రయింపక తప్పదు. అంచనా వేయువారి ముందస్తు అభిప్రాయములు అక్కడ ప్రవేశించును.

4. నిరూపణ భారము ఎవరిది?

జర్మనీకి చెందిన మార్కుస్ రేమ్ 2003లో ప్రమాదమువలన కుడి కాలిని మోకాలి క్రింద కోల్పోయాడు. అతడు లాంగ్ జంప్‌లో బ్లేడు ఉన్న కాలితోనే నేలను తన్ని లేచును. 2014లో ఉల్మ్ నగరములో జరిగిన జర్మన్ జాతీయ పోటీలలో 8.24 మీటర్లు దూకి కాళ్లున్నవారినందరినీ ఓడించాడు. అయితే ఐరోపా పోటీలకు అతనిని ఎంపిక చేయలేదు. మరుసటి సంవత్సరము అంతర్జాతీయ సమాఖ్య తన నియమమును త్రిప్పివేసింది. తన సాధనము లాభమివ్వదని ఇకమీదట క్రీడాకారుడే నిరూపించుకోవాలి. 2016లో మూడు దేశముల పరిశోధకులు రేమ్‌ను పరీక్షించగా, పరుగెత్తి వచ్చునప్పుడు బ్లేడు అతనికి నష్టము, ఎగురునప్పుడు లాభము అని తేలింది. మొత్తముమీద ఏది ఎక్కువో వారు తేల్చి చెప్పలేకపోయారు. రేమ్ రియో ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. 2021లో అతడు 8.62 మీటర్లు దూకాడు. ఆ సంవత్సరము టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకము వచ్చిన దూకు 8.41 మీటర్లు. ఆ ఒలింపిక్స్‌లోను అతనికి అనుమతి దొరకలేదు. 2023లో అతడు 8.72 మీటర్లు దూకాడు.

అమెరికాకు చెందిన బ్లేక్ లీపర్ పుట్టుకతోనే రెండు కాళ్లు మోకాలి క్రింద లేనివాడు, 400 మీటర్ల పరుగుకాడు. 2020 అక్టోబరులో అతని వ్యాజ్యముపై వచ్చిన తీర్పులో రెండు భాగములున్నవి. మొదటిది, నిరూపణ భారమును వికలాంగ క్రీడాకారునిపై మోపుట చెల్లదని న్యాయస్థానము చెప్పింది. రెండవది, అయినను లీపర్ వ్యాజ్యము ఓడిపోయింది. కాళ్లున్నయెడల అతడు ఎంత ఎత్తు ఉండగలడో దానికంటె అతని బ్లేడులు అతనిని పలు అంగుళములు ఎత్తుగా నిలిపినవనియు, ఆ ఎత్తు లాభమునిచ్చెననియు సమాఖ్య నిరూపించిందని తీర్పు వచ్చింది. ఆ ఎత్తును అంచనా వేసే సూత్రము నల్లజాతి క్రీడాకారుల కొలతలపై ఆధారపడలేదని లీపర్ పక్షము వాదించింది గాని, ఆ వాదన అతనిని గెలిపించలేదు. అయినను ఆ ప్రశ్న విలువైనది. ఎవరి శరీరములను కొలిచి మనము సామాన్య శరీరము అనుచున్నాము?

5. వికలాంగుల పోటీలలోనే ఈ ప్రశ్న

ఇది వికలాంగులకు, ఇతరులకు మధ్య తగవు మాత్రమే అని భావించుట పొరపాటు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో బ్రెజిల్ దేశస్థుడు అలన్ ఒలివేరా 21.45 సెకన్లతో పిస్టోరియస్‌ను ఓడించాడు. నాలుగు సంవత్సరములు తన బ్లేడులను సమర్థించుకొన్న పిస్టోరియస్ ఆ రాత్రి ఒలివేరా బ్లేడులు మరీ పొడవుగా ఉన్నవని ఫిర్యాదు చేశాడు. అయితే ఒలివేరా బ్లేడులు నియమమునకు లోబడియే ఉన్నవి. తరువాత 2018లో పారాలింపిక్ సంఘము అనుమతింపదగిన ఎత్తును తగ్గించింది.

పారాలింపిక్ వ్యవస్థ అంతయు వర్గీకరణపైనే నిలిచియున్నది. ఒక కాలు లేనివారు, రెండు కాళ్లు లేనివారు, చూపు లేనివారు, మేధోపరమైన వైకల్యము గలవారు వేర్వేరు వర్గములలో పోటీపడుదురు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టి20 వర్గములో కాంస్య పతకము గెలిచిన జీవాంజి దీప్తి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామస్థురాలు. అటువంటి వర్గమే లేకపోయినయెడల ఆమె ప్రతిభ ఆ వేదికపై కనబడి ఉండేది కాదు. వేరుగా చూచుట ఎల్లప్పుడును వివక్ష కాదు. కొన్నిసార్లు అదియే న్యాయమునకు ద్వారము.

సాధనముల వివాదము వికలాంగులకే పరిమితము కాదు. కొన్ని రకముల ఈత దుస్తులు రికార్డులను వరుసగా బద్దలు చేయగా 2010 నుండి వాటిని నిషేధించారు. 2020లో పరుగు బూట్ల అడుగు మందమునకు 40 మిల్లీమీటర్ల హద్దు పెట్టారు. ఆ బూట్లలోను కార్బన్ పలక ఉన్నది. కాళ్లున్నవాని కార్బన్‌కు కొలత పెట్టి అనుమతించి, కాళ్లు లేనివాని కార్బన్‌ను అనుమానించునప్పుడు, మన అనుమానము సాధనముపైనా, శరీరముపైనా అని ప్రశ్నించుకొనుట మంచిది. అలాగే మేలైన బ్లేడులకు పెద్ద మొత్తము కావాలి. పేద దేశపు క్రీడాకారునికి అవి అందని ద్రాక్షయే. ఈ అసమానతను ఏ న్యాయస్థానమును విచారించలేదు.

6. లేఖన పరిశీలన

(అ) నియమప్రకారము. 2 తిమోతి 2:5లో పౌలు, జెట్టియైనవాడు నియమములను అనుసరించి పోరాడనియెడల కిరీటము పొందడని బోధించుచున్నాడు. అక్కడ వాడబడిన గ్రీకు మాట నోమిమోస్. కొత్త నిబంధనలో ఇది ఇక్కడను, 1 తిమోతి 1:8లోను మాత్రమే కనబడును. ప్రాచీన ఒలింపియాలో పోటీదారులు పది నెలలు క్రమముగా సాధన చేసితిమని ప్రమాణము చేసెడివారని గ్రీకు రచయిత పౌసనియస్ వ్రాశాడు. అనగా నియమము పందెమునకు ముందే తెలిసియుండును, అందరినీ కట్టియుండును. రేమ్ గెలిచిన తరువాత నియమము మారుట ఈ దృష్టితో చూచినప్పుడు మనలను కలవరపెట్టును. అదే సమయమున ఒలివేరా నియమమునకు లోబడి గెలిచినందున అతని కిరీటము న్యాయమైనదే.

(ఆ) లేవీయకాండము 19. ఈ అధ్యాయము ఈ విషయమంతటికి తాళపుచెవి వంటిదని మేము భావించుచున్నాము. 14వ వచనము చెవిటివానిని, గ్రుడ్డివానిని బాధింపకూడదని ఆజ్ఞాపించును. వెంటనే 15వ వచనము తీర్పులో గొప్పవానికిగాని బీదవానికిగాని పక్షపాతము చూపకూడదని చెప్పును. 35, 36 వచనములు తూనికలు, కొలతలు న్యాయమైనవై యుండవలెనని చెప్పును. ఈ మూడును ఒకే పరిశుద్ధతలోని భాగములు. కనికరము త్రాసును వంచకూడదు. త్రాసు పేరు చెప్పి దారిలో అడ్డము వేయకూడదు. జాలిపడి ఇచ్చిన పతకము వికలాంగునికి గౌరవము కాదు. అతడు కోరుచున్నది సరియైన త్రాసునే. అయితే ఆ త్రాసును పట్టుకొన్నవానికే, అది సరియైనదని చూపించు బాధ్యత ఉండాలి. నిరూపణ భారమునుగూర్చి 2008లోను 2020లోను న్యాయస్థానము చెప్పినది ఈ సూత్రమునకు దగ్గరగా ఉన్నది.

(ఇ) బల్ల, పందెము. 2 సమూయేలు 9లో రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు రాజు బల్లయొద్ద భోజనము చేయుచుండెను. అతడు ఆ స్థానమును పరుగెత్తి గెలువలేదు. యోనాతానుతో చేసిన నిబంధననుబట్టి దానిని పొందాడు. లేవీయకాండము 21వ అధ్యాయములో అవయవ లోపముగల యాజకుడు బలిపీఠమును సమీపింపకూడదను కఠినమైన మాట ఉన్నది. కాని అతడు పరిశుద్ధ ఆహారమును తినవచ్చునని 22వ వచనము చెప్పుచున్నది. సేవలో హద్దు ఉన్నను బల్లయొద్ద చోటు పోలేదు. అపొస్తలుల కార్యములు 3లో దేవాలయపు ద్వారమువద్ద కూర్చున్న కుంటివాడు గంతులు వేయుచు లోపలికి వెళ్లాడు. నాన్సీ ఐస్‌ల్యాండ్ అనే వేదాంతి 1994లో ప్రచురించిన గ్రంథములో, పునరుత్థానుడైన క్రీస్తు తన చేతులలో, పాదములలో గాయములతోనే కనబడెనని గుర్తుచేసి, పరిపూర్ణ శరీరమనగా గాయములేని శరీరమేనా అని మనలను ఆలోచింపజేసింది.

పందెములో గెలుపు కొలతనుబట్టి వచ్చును. బల్లయొద్ద చోటు కృపనుబట్టి వచ్చును. ఈ రెంటిని కలిపివేయుటయే అసలు ప్రమాదము. రేమ్‌కు ఒలింపిక్ అనుమతి ఇవ్వకపోవుట సరియో కాదో వాదించవచ్చును. కాని ఆ అనుమతి లేనందున అతడు తక్కువ మనిషి అని చెప్పు హక్కు ఎవరికిని లేదు. అట్లే, ఒకనికి మనుష్యునిగా సమాన విలువ ఉన్నందున అతని సాధనమును కొలువనే కూడదని చెప్పుటయు సరికాదు.

7. సంఘమునకు కొన్ని సూచనలు

మొదటిది, యౌవనస్థులు ఈ ప్రశ్న అడిగినప్పుడు అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పుటకు తొందరపడరాదు. ఏ క్రీడ, ఏ సాధనము, ఎవరితో పోలిక, ఎవరు నిరూపించాలి అని విడదీసి ఆలోచించుట నేర్పించాలి. లాంగ్ జంప్‌లో నేలను తన్ని లేచే కాలు బ్లేడు అగుట వేరు, జావెలిన్ విసరువాడు బ్లేడుపై నిలబడుట వేరు.

రెండవది, సంఘము పందెపు మైదానము కాదు, బల్ల. అయినను మన ఆరాధన మందిరములు అనేకము ఎత్తైన మెట్లతో కట్టబడియున్నవి. ప్రభువు బల్లయొద్దకు రావలెననగా మోకాళ్లూనవలెనని నియమము పెట్టిన చోట కృత్రిమ కాలు గలవాడు ఏమి చేయగలడు? వరల్డ్ అథ్లెటిక్స్ నియమములను విమర్శించుటకు ముందు మన గుమ్మమును మనము కొలుచుకొనుట మేలు.

మూడవది, వైకల్యమును పాపఫలముగా చూచు తలంపును యోహాను 9వ అధ్యాయములో ప్రభువు త్రోసివేశాడు. అయినను స్వస్థత కూటములలో ఆ తలంపు వేరొక రూపములో తిరిగి వచ్చుచున్నది. విశ్వాసము చాలనందున నీకు కాలు రాలేదని చెప్పుట, నిరూపణ భారమును బాధపడువానిపైనే మోపుట. క్రీడా న్యాయస్థానమే చెల్లదని చెప్పిన ఆ పద్ధతిని సంఘము కొనసాగింపరాదు.

ముగింపు

కృత్రిమ కాలు అన్యాయమైన లాభము ఇచ్చునా అను ప్రశ్నకు అన్ని క్రీడలకు, అందరు క్రీడాకారులకు చెల్లు ఒకే జవాబు లేదని జరిగిన వ్యాజ్యములు చూపుచున్నవి. ముందుగా తెలిసిన నియమము, సరియైన త్రాసు, దానిని పట్టుకొన్నవారు తమ కొలతకు జవాబు చెప్పుకొనుట, ఇవి న్యాయమైన పోటీకి అవసరము. బ్లేడులు ఇంకను మెరుగుపడును, మోటారుగల చీలమండలు ఇప్పటికే వాడుకలో ఉన్నవి, గనుక ఈ ప్రశ్న మరింత కష్టతరమగును. అప్పుడు కొలవవలసిన దానిని నమ్మకముగా కొలుచుటకును, కొలతకు అందని మనిషి విలువను కొలతకు అప్పగింపకుండుటకును విశ్వాసులు సిద్ధపడియుండవలెను. ఈ వివేచనను మన వేదాంత కళాశాలల తరగతులలోను, సంఘముల బైబిలు పఠనములలోను పెంపొందించుట ఈ తరపు కాపరులమైన మన బాధ్యత.